వెండి దండం, అక్క నడక

ఆ విశ్వవిద్యాలయంలో అతని అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఇంకెవరికీ తెలియదు. అందరికీ అతను నిదానం. "నిదానాన్ని పిలవండి", "నిదానం ఇంకా మెట్ల దగ్గరే ఉన్నాడా", ఇలాగే సాగేది వ్యవహారం. కొత్తగా చేరిన లెక్కల మాస్టారొకాయన పాపం తెలియక "నిదానం గారూ" అని మర్యాదగా పిలిస్తే ఆఫీసు ఆఫీసంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. అతనికి మాత్రం కోపం రాలేదు. కోపం రావడానికి కూడా కాస్త చురుకు కావాలి కదా, ఆ చురుకే లేదు మహానుభావుడికి.

రిజిస్ట్రార్ ఆఫీసులో అటెండరు అతను. ఫైళ్ళు మోస్తాడు, గదుల తాళాలు తీస్తాడు, గౌన్లు ఉతికించి ఇస్త్రీ చేయించి బీరువాలో సర్దుతాడు. సర్దుతూ సర్దుతూ ఏ కిటికీ దగ్గరో ఆగిపోతాడు. లోపలికి పడే ఎండలో దుమ్ము తేలుతుంటే చూస్తూ నిలబడతాడు. రెండో పిలుపుకి పలుకుతాడు, మూడో పిలుపుకి కదులుతాడు. అలాంటివాడిని ఇన్నేళ్ళు ఎందుకు ఉంచుకున్నారయ్యా అంటే, ఏడాదికొక్క రోజు అతనంత గొప్పగా నడిచేవాడు అక్కడ ఇంకెవడూ లేడు.

ఆ రోజు స్నాతకోత్సవం. చదువు ముగించినవాళ్ళకి పట్టాలిచ్చే రోజు. సభా భవనం వెనక తలుపులు తెరుచుకోగానే, వెండి తొడుగు వేసిన పొడవాటి దండాన్ని రెండు చేతులా నిలువుగా పట్టుకుని అందరికన్నా ముందు నిదానం వస్తాడు. అతని వెనక వైస్ చాన్సలర్, ఆ వెనక రిజిస్ట్రార్, వాళ్ళ వెనక గౌన్లు వేసుకున్న ప్రొఫెసర్లు. కుర్చీల మధ్య పొడవాటి దారి. పైన రంగుటద్దాల కిటికీలు. నేలమీద ఇక్కడో ఎర్రటి వెలుగు ముక్క, అక్కడో నీలం ముక్క. వాటిని ఒక్కొక్కటిగా దాటుతూ అతను నడుస్తుంటే హాల్లో మాటలు వాటంతటవే ఆగిపోతాయి. ఒక అడుగు, చిన్న విరామం, మళ్ళీ అడుగు. నిద్రలో నడుస్తున్నాడా ఏమిటి ఈ మనిషి, అనిపిస్తుంది చూసేవాళ్ళకి. నిజానికి అతనికీ అలాగే ఉంటుంది.

వెనక ప్రొఫెసర్లు గొణుక్కుంటారనుకోండి, ఈ లెక్కన రిటైరయ్యేలోపు వేదిక చేరతామా అని. గొణిగినా అదే నడక నడవాలి. దండాన్ని దాటి ముందుకెళ్ళే హక్కు ఎవరికీ లేదు.

ఆ దండానికి ఇంకో కట్టుబాటు ఉంది. నిదానం మెట్లెక్కి బల్లమీద దాన్ని పెడితే సభ మొదలైనట్టు. పెట్టాక సభ ముగిసేదాకా ఎవరూ కదపకూడదు. దండం ఎక్కడుంటే వైస్ చాన్సలర్ అక్కడే ఉండాలి. ఈ రూలు ఎంత గట్టిదంటే, ఒక ఏడు పెద్ద వానకి వేదిక పైకప్పు ధారగా కారింది. కింద హాలంతా పొడిగా ఉంది, వేదికొక్కటే తడుస్తోంది. అయినా పెట్టిన దండాన్ని తీయకూడదు కాబట్టి అప్పటి వైస్ చాన్సలర్, పెద్దాయన, గొడుగు కింద నిలబడే పట్టాలన్నీ పంచారు. ఆ తరువాత చాలా రోజులు తుమ్ముతూనే ఉన్నారు. రిజిస్ట్రార్ ఈ కథని గర్వంగా చెప్పుకుంటాడు. కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతాడు.

ఇంత గొప్ప నడకలోనూ ఒక చిన్న లోపం ఉండేది. వేదికకి ఎత్తైన రాతి మెట్లున్నాయి. మొదటి మెట్టు ముందుకి రాగానే నిదానం ఆగిపోయేవాడు. ఎక్కడం మరిచిపోయినవాడిలా నిలబడిపోయేవాడు. అప్పుడు వెనకనుంచి వైస్ చాన్సలర్ చిన్నగా దగ్గాలి. ఆ దగ్గు వినగానే ఉలిక్కిపడి ఎక్కేవాడు. ఏటేటా ఇదే తంతు. పోను పోను ఆ దగ్గు కూడా ఉత్సవంలో భాగమైపోయింది. కొత్త వైస్ చాన్సలర్ ఎవరొచ్చినా దండం సంగతీ గొడుగు సంగతీ చెప్పాక, "మెట్ల దగ్గర ఓసారి దగ్గాలండీ" అని రిజిస్ట్రార్ చెవిలో వేసేవాడు.

ఆ నడకా, ఆ ఆగిపోవడమూ ఎక్కణ్ణించి వచ్చాయో ఎవరూ అడగలేదు. అవి రెండూ అతని అక్కవి.

అక్కకి పసితనంలోనే పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది. ఇనుప పట్టీలున్న బూటు వేసుకుని, చంకలో కర్ర పెట్టుకుని నడిచేది. కర్ర టక్కుమనేది, చిన్న విరామం, తరువాత బూటు ఈడ్చిన చప్పుడు. అమ్మ ఇద్దరినీ కలిపి బడికి పంపేది. సంచులు రెండూ తమ్ముడి భుజానికే. వాడు కుర్రకుంక, కాళ్ళు ఒకచోట నిలిచేవి కావు, ముందుకు ఉరికేవాడు. వెనకనుంచి అక్క కేక పడేది.

"మెల్లగా నడవరా ఒరేయ్, వెనక నేనున్నాను!"

రోజూ అదే కేక. కొన్నాళ్ళకి కేక అక్కర్లేకుండానే వాడి కాళ్ళు ఆమె కర్ర చప్పుడికి అలవాటు పడిపోయాయి. బడికి మెట్లుండేవి. వాటి ముందు ఇద్దరూ ఆగేవారు. తమ్ముడు సంచులు రెండూ పక్కనున్న గట్టుమీద దించి, అక్క పక్కనే నిలబడేవాడు. లోపలినుంచి ఎవరైనా పెద్దవాళ్ళు వచ్చి ఆమెకి చెయ్యందించేదాకా కదిలేవాడు కాదు. ఒక్కోసారి ఎవరూ వచ్చేవారు కాదు. గంట కొట్టేసేవారు. లోపల పిల్లలు ఎక్కాలు వల్లెవేస్తుంటే ఆ చప్పుడు వింటూ ఇద్దరూ ఎండలో నిలబడేవారు. నువ్వెళ్ళరా అని ఆమె కసిరితే, నీ సంచి ఎవరు మోస్తారు అనేవాడు. అంతకుమించి చెప్పడం వాడికి రాదు. ఇప్పటికీ రాదు.

ఆ అక్కకి ఇప్పుడు జుట్టు నెరిసింది. తమ్ముడి ఉద్యోగమున్న చోటే ఆమెకీ ఉద్యోగం, టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో. పెద్ద భవనం కింది అంతస్తులో, మెట్ల కింద ఇమిడిపోయిన చిన్న గది. గోడకి వరసగా దీపాలున్న బోర్డు, చెవులకి హెడ్‌ఫోన్లు, పక్కన గోడకి చేరేసిన కర్ర. ఏ గది నుంచి ఏ గదికి మాట వెళ్ళాలన్నా ఆమె చేతి మీదుగానే వెళ్ళాలి. ఆమె గొంతు తెలియనివాడు లేడు, ఆమెని చూసినవాళ్ళు తక్కువ. మెత్తటి గొంతు, కాస్త నిద్రమత్తు కలిసినట్టుండే గొంతు. వయసులో ఉన్నప్పుడు ఆ గొంతు విని ఒక ప్రొఫెసరు గారు పువ్వులు పట్టుకుని వచ్చాడట. తలుపు తీసి, ఆమెని చూసి, కర్రని చూసి, "రిజిస్ట్రార్ గది ఎటండీ?" అని అడిగి వెళ్ళిపోయాడట. ఈ కథ అక్కే నవ్వుతూ చెబుతుంది. చెప్పిన రోజు మాత్రం అన్నం సరిగ్గా తినదు.

ఆమె ఉండేది తమ్ముడి ఇంట్లోనే. ఏటా స్నాతకోత్సవం దగ్గరపడుతుంటే ఆ ఇంటి వరండాలో రిహార్సలు జరిగేది. నిదానం కిటికీ కర్టెను ఊడదీసి, ఆ కడ్డీని దండంలా పట్టుకుని ఈ కొసనుంచి ఆ కొసకి నడిచేవాడు. అక్క కుర్చీలో కూర్చుని తప్పులు పట్టేది. "మెల్లగా, మెల్లగా. వెనక నేనున్నాననుకో." అతని భార్య గుమ్మంలో నిలబడి, పెళ్ళైన కొత్తలో ఈయన కర్టెను కడ్డీ పట్టుకుని నడవడం చూసి పుట్టింటికి పారిపోదామనుకున్నాను వదినా, అని ఏటా ఒకే జోకు వేసేది. ఏటా ముగ్గురూ నవ్వేవారు.

అక్క ఆ నడకని సభా భవనంలో ఎప్పుడూ చూడలేదు. ఉత్సవం రోజున ఫోన్లు ఎక్కువ.

ఇంతకీ అసలు సంగతి. నెరిసిన జుట్టుతో అక్క చదువు మొదలుపెట్టింది. డ్యూటీ దిగాక సాయంకాలం క్లాసులు, చరిత్ర. క్లాసు మేడమీద. మొదటి నెలల్లో ఆమె మెట్ల కింద కుర్చీ వేసుకుని, పైనుంచి తేలి వచ్చే పాఠం విని రాసుకునేది. రాజులు, యుద్ధాలు, ఒప్పందాలు అన్నీ గాల్లో సగం కరిగిపోయి చెవిన పడేవి. ఒకరోజు మాస్టారు సుద్దముక్కల డబ్బా చంకన పెట్టుకుని క్లాసునంతా కిందికి దించేశారు. దయ అనుకునేరు, ఆయనకీ మోకాళ్ళ నొప్పులే. ఏదైతేనేం, క్లాసు కిందికొచ్చింది, అక్క చదివింది, పాసైంది.

ఆ రోజు నిదానం ఆనందానికి పట్టపగ్గాల్లేవు. అంటే, మొదటి పిలుపుకే పలికాడు. అతని కళ్ళముందు ఒకటే బొమ్మ. తను దండం పట్టుకుని నడుస్తాడు, అక్క పేరు పిలుస్తారు, హాలంతా చూస్తుండగా అక్క పట్టా అందుకుంటుంది. ఫైళ్ళు మోస్తున్నా అదే, గౌన్లు మడతపెడుతున్నా అదే. అక్కకి సరిపడే గౌను ఒకటి ఏరి, తనే స్వయంగా ఇస్త్రీ చేసి విడిగా దాచాడు. కొసలు కాస్త పొట్టిగా ఉండేట్టు భార్య చేత కుట్టించాడు, కర్రకి తగలకుండా.

ఆ తరువాత ఎక్స్‌ఛేంజికి రిజిస్ట్రార్ ఆఫీసునుంచి ఫోనొచ్చింది. మెట్లెక్కలేనివాళ్ళకి ఎప్పుడూ చేసే ఏర్పాటే ఆమెకీ చేశారట. సభకి ముందే పక్కగదిలో పట్టా ఇచ్చేస్తారట, శ్రమ లేకుండా. టీ కూడా ఇస్తారట.

అక్క అంతా విని, టీ మా గదిలోనూ దొరుకుతుందండీ, అని లైను తీసేసింది.

ఇంటికొచ్చి కర్ర గోడకి చేరేసింది. బూటు పట్టీలు విప్పుకుంటూ, నేను వెళ్ళనురా, పట్టా పోస్టులో పంపిస్తారులే, అంది. చరిత్ర మూడేళ్ళు చదివాను, అందులో ఉన్నవాళ్ళంతా మెట్లెక్కినవాళ్ళే, అని నవ్వబోయింది. నవ్వు రాలేదు.  నిదానం కళ్ళముందున్న బొమ్మలో దారి ఉంది, రంగుల వెలుగు ఉంది, అక్క మాత్రం లేదు.

అప్పటికి కొత్త వైస్ చాన్సలర్ వచ్చి ఏడాది కావస్తోంది. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి ఆడమనిషి ఆవిడే. గదిలో గోడనిండా పాత వైస్ చాన్సలర్ల ఫొటోలు, అన్నీ మీసాలే. ఆవిడ వచ్చిన రోజునే సమానత్వం గురించి, ఈ విద్యాలయం అందరిదీ అని ఉపన్యాసమిచ్చింది. అలాంటి ఉపన్యాసాలు ఆ గోడలు చాలా విన్నాయి. కానీ ఈవిడ ఉపన్యాసం దగ్గర ఆగే రకం కాదు. సాయంత్రం పొద్దుపోయాక పెట్టే మీటింగుల్ని పగటిపూటకి మార్చింది, పిల్లల తల్లులు వెళ్ళిపోవాల్సిన పని లేకుండా. పాలకమండలి కూర్చునే అంతస్తులో ఆడవాళ్ళకి బాత్రూమే లేదని తెలిసి ఆశ్చర్యపోయింది. కట్టించమంటే, ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదండీ, వచ్చే ఏడాది చూద్దాం, అన్నారు. ఆ వచ్చే ఏడాదిని ఈ ఏడాదికి లాక్కురావడానికి ఆవిడ తలప్రాణం తోకకొచ్చింది.

ఒకరోజు ఆవిడే ఎక్స్‌ఛేంజి గది తలుపు తట్టింది. రోజూ గొంతు వింటున్నాను, మనిషిని చూద్దామని వచ్చాను, అంది.

"చూశారు కదండీ. రిజిస్ట్రార్ గది అటు," అంది అక్క.

ఆవిడకి అర్థం కాలేదు. స్టూలు లాక్కుని కూర్చుంది. అప్పుడే ఫైలు పట్టుకుని వచ్చిన నిదానం గుమ్మం బయటే ఆగిపోయాడు, అలవాటు ప్రకారం. లోపల మాటలన్నీ విన్నాడు. పక్కగది సంగతి వైస్ చాన్సలర్‌కి తెలియదు. తెలిసి మొహం చిన్నబుచ్చుకుంది. నలుగురు మనుషుల్ని పెట్టి కుర్చీతో సహా వేదిక మీదికి ఎక్కించే ఏర్పాటు చేస్తానంది.

మోయించుకుని ఎక్కడానికి నేనేమన్నా బీరువానా అండీ, అంది అక్క.

పోనీ, దండం రూలు తప్పినా సరే, మీ వంతు వచ్చినప్పుడు నేనే కిందికి దిగి ఇస్తాను, అంది ఆవిడ. బోర్డు మీద దీపం వెలిగింది. అక్క ఎవరినో ఎవరితోనో కలిపి, హెడ్‌ఫోన్లు మెడమీదికి దించుకుంది.

"మీ మనసు మంచిదండీ, కాదనను. కానీ నా ఒక్కదానికోసం మీరు దిగితే హాలంతా నా కాలినే చూస్తుంది. నా చదువుని ఎవరు చూస్తారు? నాకు ప్రత్యేకంగా ఏమీ వద్దు మేడమ్. అందరికీ ఎలా ఇస్తారో అలాగే కావాలి."

ఆవిడ స్టూలు వెనక్కి జరిపింది. నేను చూస్తాను, అని లేచింది. చూస్తానన్నవాళ్ళందరి లైన్లూ నేనే కలుపుతాను లెండి, అంది అక్క. ఆవిడ బయటికొస్తూ గుమ్మంలో నిదానాన్ని చూసి, మీ అక్కగారి నోరు మీకు రాలేదేం, అంది. నిదానం చేతిలో ఉన్న ఫైలు ముందుకి చాచాడు.

ఆవిడ నిజంగానే చూసింది. పట్టాలన్నీ కిందనే, అందరికీ ఒకే నేలమీద ఇద్దామని పాలకమండలిలో పెట్టింది. వాళ్ళు ఒప్పుకుంటే కదా. వేదిక మన సంప్రదాయం అన్నాడొకాయన. పోనీ మెట్ల పక్కన వాలుదారి కట్టిద్దామంటే, ఆ రాయి ఎవరో మహానుభావుడి విరాళం, ముట్టుకుంటే అందం చెడిపోతుందన్నాడు ఇంకొకాయన. వచ్చే ఏడాది చూద్దాం అని అందరూ చేతులు దులుపుకున్నారు. ఆవిడ అక్కకి ఫోన్ చేసి, నేను ఓడిపోయానండీ, క్షమించండి, అంది. సాకులు చెప్పలేదు.

అక్క ఆ సాయంత్రం ఇంట్లో చెప్పింది. "ఓడిపోయానని చెప్పిన వైస్ చాన్సలర్‌ని ఈ ఉద్యోగంలో మొదటిసారి విన్నాన్రా."

నిదానం భోజనం దగ్గర చెయ్యి కడిగేసుకున్నాడు. ఈ ఏడు నేను దండం పట్టుకోను, అన్నాడు. అంత పెద్ద మాట అతని నోట రావడం చూసి భార్య గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అక్క మాత్రం గయ్యిమంది. నువ్వు పట్టుకోకపోతే ఇంకెవడో పట్టుకుంటాడు, గుర్రంలా పరిగెడతాడు, పాపం ఆ ముసలి ప్రొఫెసర్లు వెనకపడి చస్తారు, అంది. తరువాత గొంతు తగ్గించి, నీ నడక చూడడానికి ఈసారి నేనొస్తాను, ఫోన్లు ఇంకెవరైనా చూసుకుంటారు, కానీ నా దగ్గర పట్టా మాట ఎత్తకు, అంది.

స్నాతకోత్సవం రోజు పొద్దున్నే ఎండ కాసింది. అక్క వచ్చి ముందువరస చివర, దారి పక్కనే కూర్చుంది. కర్ర కాళ్ళ దగ్గర పెట్టుకుంది. పక్కన నిదానం భార్య, ఆమె ఒడిలో ఒక సంచి. అందులో ఏముందో అక్క అడగలేదు, ఆమె చెప్పలేదు. పక్కగదిలో మెట్లెక్కలేనివాళ్ళు కొందరు అప్పటికే పట్టాలు పుచ్చుకుని టీ తాగుతున్నారు. చూపులేని కుర్రాడొకడు, నెలలు నిండిన అమ్మాయొకతి, కొడుకు చెయ్యి పట్టుకుని వచ్చిన ముసలాయన. మెట్ల కింద ఒక బల్లమీద మిగిలినవాళ్ళ పట్టాలు దొంతరగా పేర్చి ఉన్నాయి, ఒక్కొక్కటే పైకి అందించడానికి.

వెనక తలుపులు తెరుచుకున్నాయి. నిదానం నడిచాడు.

ఎర్రటి వెలుగు దాటాడు, నీలం దాటాడు. మాటలు ఆగిపోయాయి. గౌన్ల గుసగుస తప్ప చప్పుడు లేదు. అతనికి తన చేతిలో ఉన్నది దండమో కర్టెను కడ్డీయో తెలియడం లేదు. ఎక్కడో దూరంగా పిల్లలు ఎక్కాలు వల్లెవేస్తున్నట్టుంది. వెనక కర్ర టక్కుమంటున్నట్టుంది. దారి చివరికొచ్చేసరికి అక్క కనిపించింది. ఆమె అతని కాళ్ళకేసే చూస్తోంది. వరండాలో ఇన్నేళ్ళు దిద్దినా, ఆ నడక తనదేనని ఆమెకి అప్పుడే తెలిసింది కాబోలు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఎదురుగా మెట్లు. పక్కన అక్క. నిదానం ఆగిపోయాడు.

వెనకనుంచి దగ్గు రావాలి. రాలేదు. అతను ఎదురుచూశాడు. వైస్ చాన్సలర్ సరిగ్గా అతని వెనకే ఉంది, ఆవిడ ఊపిరి వినిపిస్తోంది. కానీ ఆవిడ దగ్గలేదు. రిజిస్ట్రార్ ఆవిడకేసి చూశాడు, తనే దగ్గుదామా అన్నట్టు గొంతు సవరించుకున్నాడు, ఆవిడ చెయ్యెత్తి వద్దంది. క్షణాలు సాగిపోయాయి. మెట్ల ముందు ఆగినప్పుడు చిన్నప్పుడు ఏం చేసేవాడో నిదానం చేతులకి గుర్తుంది. మోస్తున్న బరువుని పక్కకి దించేవాడు. అదే చేశాడు. పక్కనున్న పట్టాల బల్లమీద, దొంతరల మధ్య, వెండి దండాన్ని మెల్లగా పడుకోబెట్టాడు.

ముందు వరసల్లో తలలన్నీ ఆ బల్లకేసి తిరిగాయి.

అప్పుడు తెలివొచ్చింది అతనికి. ఏం చేశాడో అర్థమైంది. రిజిస్ట్రార్ మొహం ఎర్రగా కందిపోయింది. తియ్, తీసి పైకి పద, అని పళ్ళ మధ్యనుంచి అన్నాడు. నిదానం చెయ్యి చాచాడు.

"తియ్యకూడదు కదండీ," అంది వైస్ చాన్సలర్, రిజిస్ట్రార్ వైపు తిరిగి. "గొడుగు కథ మీరే కదా చెప్పారు." తరువాత హాలు వైపు తిరిగి, అందరికీ వినపడేట్టు అంది. "దండం ఇక్కడ పెట్టారు. సభ ఇక్కడ మొదలైంది. పట్టాలు అందరికీ ఇక్కడే ఇస్తాను. పక్కగదిలో ఉన్నవాళ్ళని కూడా పిలవండి, వాళ్ళకి ఇంకోసారి ఇస్తాను, ఈసారి అందరి ముందూ."

పాలకమండలి పెద్దలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. సంప్రదాయం అన్నాయన నోరు తెరిచి మూసేశాడు. దండం కూడా సంప్రదాయమే కదా, ఏమంటాడు పాపం. వేదికమీది కుర్చీలు ఒక్కొక్కటే కిందికొచ్చాయి. గౌన్లెత్తి పట్టుకుని ప్రొఫెసర్లు తలో కుర్చీ మోశారు. గొణుక్కుంటూనే మోశారు. పక్కగది తలుపు తెరుచుకుని, చూపులేని కుర్రాడూ నెలలు నిండిన అమ్మాయీ ముసలాయనా చేతుల్లో టీ కప్పులతోనే బయటికొచ్చి, ఆ కప్పులు ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడ్డారు.

నిదానం భార్య సంచి విప్పింది. అక్క గౌనుకేసి చూసింది, మరదలి కేసి చూసింది. దొంగముండవే నువ్వు, అని తొడుక్కుంది. కొసలు కర్రకి తగల్లేదు.

పేర్లు పిలవడం మొదలైంది. అందరూ ఒకే నేలమీద నడిచి వచ్చారు, నడిచి వెళ్ళారు. వెనక వరసల్లో కూర్చున్న అమ్మలూ నాన్నలూ లేచి నిలబడి చూశారు, పిల్లలు అంత దగ్గరగా కనిపించడం ఇదే మొదలు. అక్క పేరు పిలిచినప్పుడు ఎవరూ ప్రత్యేకంగా ఊపిరి బిగబట్టలేదు. ఆమె ముందు ఒక కుర్రాడు వెళ్ళాడు, ఆమె వెనక ఒక అమ్మాయి వెళ్ళింది. మధ్యలో ఆమె. కర్ర, విరామం, బూటు. "ధన్యవాదాలండీ" అని ఆమె అనగానే మాత్రం హాలు సగం ఉలిక్కిపడింది. ఆ గొంతు వాళ్ళకి తెలుసు. మనిషిని ఇప్పుడే చూశారు. చప్పట్లు ఆ తరువాత మోగాయి, ఎంతకీ ఆగలేదు. దండం పక్కన నిలబడిన నిదానం కళ్ళు తుడుచుకోలేదు. దండానికి కాపలా ఉన్నవాడు కదలకూడదు.

ఇది తప్పెవరిదని తరువాత పాలకమండలి అడిగితే, వైస్ చాన్సలర్ ఒక్కటే చెప్పింది. తప్పు నాదే, నేను దగ్గలేదు, అంది. నిదానం పేరు ఎత్తనివ్వలేదు. తప్పని ఎవరైనా రాసుకోదలిస్తే నా పేరు మీద రాసుకోండి, కానీ కుర్చీలు మళ్ళీ పైకెక్కించేవాళ్ళు మాత్రం నాకు ముందు చెప్పి ఎక్కించండి, అందట. ఇంతవరకూ ఎవరూ ఎక్కించలేదు.

కానీ అదంతా తరువాతి మాట. ఆ రోజు సభ ముగిసింది. నిదానం దండాన్ని ఎత్తుకున్నాడు. వచ్చిన దారినే ఊరేగింపు తిరిగి వెళ్ళాలి, దండం వెనక వైస్ చాన్సలర్, ఆ వెనక ప్రొఫెసర్లు, చివర పట్టాలు పుచ్చుకున్నవాళ్ళు. వైస్ చాన్సలర్ అక్కని తన ముందుకి పిలిచింది. అలా అక్క సరిగ్గా తమ్ముడి వెనకే వచ్చింది.

నిదానం నడక మొదలుపెట్టాడు. నీలం వెలుగు, ఎర్ర వెలుగు. గుండెలో ఏదో పొంగుతోంది, అది కాళ్ళలోకి దిగింది. ఇంటికెళ్ళి అమ్మ ఫొటో ముందు నిలబడి చెప్పాలి, కర్టెను తిరిగి తగిలించాలి, అక్క పట్టాని ఏ గోడకి వేలాడదీయాలో చూడాలి. ఎన్నో పనులున్నాయి. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నిదానం తొందరపడ్డాడు. అతని అడుగులు చకచకా పడుతున్నాయి. వెనక ప్రొఫెసర్లు నమ్మలేక గౌన్లెత్తి పట్టుకున్నారు.

వెనకనుంచి, చిన్నప్పటి ఎండలోంచి వచ్చినట్టు, ఆ గొంతు వినిపించింది.

"మెల్లగా నడవరా ఒరేయ్, వెనక నేనున్నాను."

నిదానం అడుగు తగ్గించాడు. అతని వెనక కర్ర టక్కుమంది, చిన్న విరామం, బూటు నేలకి రాసుకుంది. ఆ వెనక వైస్ చాన్సలరూ రిజిస్ట్రారూ ప్రొఫెసర్లూ అందరూ అదే నడకలో, ఎప్పుడూ నడిచే నడకలోనే, తలుపుల దాకా నడిచారు.